మహాదేవీ వర్మ గద్యమున స్త్రీ స్వత్వ సమస్య

హిందీ కవిత్వముతో కొంత పరిచయమున్న తెలుగు పాఠకునకు మహాదేవీ వర్మ అనగానే ఛాయావాదము, విరహము, రాత్రియంతయు వెలుగు చిన్న దీపము, పేరు లేని ప్రియతముడు జ్ఞప్తికి వచ్చుట సహజము. ప్రసాద్, నిరాలా, పంత్‌ల సరసన ఆమెను నాలుగవ స్తంభముగా లెక్కించుట హిందీ సాహిత్య చరిత్రకారులకు పరిపాటి. ‘నీహార్’ (1930) మొదలుకొని ‘దీపశిఖా’ (1942) వరకు వచ్చిన ఐదు కావ్యసంపుటముల వలన కలిగిన కీర్తి అది. అయితే ‘దీపశిఖా’ వెలువడిన ఆ 1942లోనే అదే కలమునుండి ‘శృంఖలా కీ కడియాఁ’ అను వ్యాససంపుటము కూడ వెలువడినదను సంగతి మనలో చాలమందికి తెలియదు. కవిత్వమున తన వేదనను దాదాపు దైవముగా కొలిచిన మనిషి, ఈ వ్యాసములలో పరుల వేదనకు కారణములను వెదకినది. దొరికిన కారణములను పేరు పెట్టి చెప్పినది.

ఈ గ్రంథమునకు పిమ్మట మన దేశమున స్త్రీల హక్కుల మార్గమున మైలురాళ్లు అనేకము నాటబడినవి. 1950లో రాజ్యాంగము, 1955, 56లలో హిందూ వివాహ, వారసత్వ శాసనములు, 1992లో పంచాయతీలకు సంబంధించిన రాజ్యాంగ సవరణ, 2005లో కుమార్తెకు జన్మహక్కు, ఇవి వాటిలో ముఖ్యమైనవి. ఈ శాసనములు మహాదేవి అడిగినదానిలో ఎంత ఇచ్చినవి, ఏది ఇవ్వలేకపోయినవి? ఈ ప్రశ్నకు ఆమె వ్యాసములు సగము సమాధానమును, ఆ మరుసటి సంవత్సరము ఆమె ప్రకటించిన రేఖాచిత్రములు తక్కిన సగమును ఇచ్చుచున్నవని నా అభిప్రాయము. కనుక ఆ రెండింటిని జతగా చదువవలెను.

మహాదేవి 1907లో ఫర్రుఖాబాదున జన్మించెను. తొమ్మిదవ యేట వివాహము జరిగెను. పెరిగి పెద్దదయిన పిమ్మట ఆ సంసారమును ఆమె అంగీకరింపలేదు. 1932లో ప్రయాగ విశ్వవిద్యాలయమునుండి సంస్కృతమున ఎం.ఏ. పట్టము పొంది, ప్రయాగ మహిళా విద్యాపీఠమునకు అధ్యక్షురాలయి, దీర్ఘకాలము బాలికల విద్యకై పాటుపడెను. ‘చాంద్’ మాసపత్రికకు సంపాదకత్వము వహించెను. పిమ్మట గ్రంథరూపము దాల్చిన వ్యాసములలో పెక్కింటికి ఆ పత్రికా జీవితమే పుట్టినిల్లు. తన జీతము తాను సంపాదించుకొను స్త్రీ, తన వంటి అవకాశము లేని స్త్రీలను గూర్చి నెలనెల ఆలోచించి వ్రాసిన వ్రాతలు ఇవి అని గుర్తుంచుకొనుట మంచిది.

తెలుగు చేయబూనిన వానికి ఈ గ్రంథము పేరు వద్దనే మొదటి చిక్కు వచ్చును. ‘శృంఖల’ మనకు కొత్తది కాదు. ‘సంకెల’ దాని తద్భవమే. ‘కడీ’ అనగా గొలుసులోని ఒక లంకె. కాని ‘కడియాఁ’ అను బహువచనము చెవిని పడగానే తెలుగువానికి తోచునది కడియము, చేతికో కాలికో పెట్టుకొను నగ. నిఘంటువు దృష్టితో ఇది పొరపాటు. అయినను ఈ పొరపాటును వెంటనే త్రోసిపుచ్చ బుద్ధి పుట్టదు. ఏలయన, మన భాషలో ‘గొలుసు’ అను మాటయే ఖైదీని కట్టు ఇనుమునకును, మెడలోని బంగారమునకును చెల్లుచున్నది. మహాదేవి వాదమంతయు ఈ రెండర్థముల నడుమనే నడచినది. మనుష్యుడు సుకుమారమైన వస్తువును పూజాపీఠముపై నిలుపుటయో, తుచ్ఛమని త్రోసివేయుటయో చేయునని, భారత నారికి ఈ రెండనుభవములును సంపూర్ణముగ కలిగినవని మొదటి వ్యాసారంభముననే ఆమె చెప్పును. పూజ, ఉపేక్ష అను రెండింటిలో దేనియందును ఆమెను సాటి మనిషిగా చూచుట లేదు. నగ వలె మెరయు లంకెయు లంకెయే.

గ్రంథమున పదునొకండు విషయములు చర్చింపబడినవి. ‘యుద్ధ్ ఔర్ నారీ’ పురుషుని జయకాంక్షను, గృహమును నిర్మించి నిలుపుకొను స్త్రీ స్వభావమును ఎదురెదుర నిలిపినది. ‘హిందూ స్త్రీ కా పత్నీత్వ’ వివాహమే ఆడుదానికి ఏకైక జీవనోపాధి అయినప్పుడు దాని పవిత్రత ఏమగునని ప్రశ్నించినది. ‘జీవన్ కా వ్యవసాయ్’ దేహమును అమ్ముకొను స్త్రీలను గూర్చినది. అమ్మకమును నిందించు సమాజము కొనుగోలుదారు ఊసెత్తదని అందలి ఆరోపణ. ‘ఆధునిక నారీ’ వ్యాసమున ఆమె తన తరము స్త్రీలను మూడు తెగలుగా విభజించెను: రాజకీయోద్యమమున దిగినవారు, చదువును జీవనోపాధి చేసికొన్నవారు, కొద్ది చదువుతో పాశ్చాత్యుల వేషభాషలను అలవరచుకొన్న సంపన్నులు. మూడు తెగలవారిని విమర్శించెను, ఎవరిని ఎగతాళి చేయలేదు. ‘ఘర్ ఔర్ బాహర్’ యందు విద్య, వైద్యము, న్యాయవాదము, బాలసాహిత్యము మున్నగు రంగములలో స్త్రీలు చేయదగిన పనులను వివరించెను. వీటన్నిటికి మూలకందము వంటిది ‘స్త్రీ కే అర్థ్-స్వాతంత్ర్య కా ప్రశ్న’. చేతిలో తనదనుకొను డబ్బు లేని మనిషి ప్రేమకును, విధేయతకును, భయమునకును భేదమేమో తానే ఎరుగజాలదని దాని సారాంశము. సిమోన్ ద బొవ్వా గ్రంథము ఫ్రాన్సున వెలువడుటకు ఏడేండ్లు ముందే ఈ మాట హిందీలో అచ్చయినది. దీనిని పోటీ కొఱకు చెప్పుట లేదు. ఇట్టి ఆలోచన మనకు దిగుమతి అయినదని తలచువారు ఈ తేదీని గమనింపవలెను.

ఈ వ్యాసములలో మరల మరల వచ్చు మాట ‘స్వత్వము’. స్త్రీలు కోరునది పురుషునిపై గెలుపు కాదని, తమ స్థానమును, తమ స్వత్వములను మాత్రమేనని ఆమె వాదము. న్యాయశాస్త్రమున స్వత్వము అనగా ఒక వస్తువుపై యజమానికి గల హక్కు. మాటను విడదీసి చూచిన ‘తనదనము’, తాను తానై ఉండుట. హిందీలో మహాదేవి ఈ రెండింటిని ఒకే ఊపిరిలో పలుకును. తెలుగున ‘హక్కు’ అని వ్రాసినచో మొదటిది మిగిలి రెండవది జారిపోవును. ‘వ్యక్తిత్వము’ అని వ్రాసినచో భూమి, ఇల్లు, డబ్బు కనుమరుగయి మాట గాలిలో తేలును. ఆ మాటను అట్లే ఉంచుట మేలు.

ఇట్టిదే మరియొక మాట ఉన్నది. అధికారమును కోరువారు దానికి ‘అధికారి’ కూడ కావలెనని ఆమె పీఠికలో వ్రాసెను. నేటి తెలుగులో అధికారి అనగా కచేరీలో బల్ల వెనుక కూర్చుండువాడు. ఆమె ఉద్దేశించినది వేదాంత గ్రంథములలోని అర్థము, అర్హత గలవారు అని. ఈ అభిప్రాయముతో మాత్రము ఏకీభవించుట కష్టము. అర్హత సంపాదించిన పిమ్మటనే హక్కు అనినచో, హక్కు లేనందువలననే అర్హత సంపాదింప వీలులేని మనిషి ఎన్నటికి దానిని చేరును? మన రాజ్యాంగము ఈ వాదమును అంగీకరింపలేదు. చదువును, ఆస్తిని అడుగక, వయస్సు వచ్చిన ప్రతి స్త్రీకి ప్రతి పురుషునితో పాటు ఓటు నిచ్చెను.

ఆ ఓటు చరిత్రలోని తొలి అధ్యాయమే స్వత్వము యొక్క రెండర్థములను మన కన్నుల యెదుట నిలుపుచున్నది. 1951, 52లలో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలకై ఓటర్ల పట్టికలు తయారగుచుండగా, ఉత్తర దేశమున అనేకులు తమ పేరు చెప్పలేదు. ఫలానావాని భార్యనని, ఫలానావాని తల్లినని చెప్పిరి. సొంత పేరు లేనిదే పట్టికలో చేర్చరాదని ఎన్నికల సంఘము నిశ్చయించుటచే సుమారు 28 లక్షల మంది స్త్రీల నమోదు రద్దయినది. మొదటి అర్థమున స్వత్వము వారి గుమ్మము వద్దకు వచ్చినది. రెండవ అర్థమున స్వత్వము లేనందున వెనుకకు మరలినది. ఈ విషయమున మహాదేవి పీఠికలోని మాట కొంత నిజమయినదని ఒప్పుకొనవలెను. అయితే పేరడిగినవారు వచ్చినందువలననే పేరు చెప్పవలసిన అవసరము తెలిసినదనునది కూడ అంతే నిజము.

తన పేరును దాచుకొనిన అట్టి స్త్రీ ఒకతె మహాదేవి ఇంటనే ఉండెను. ‘స్మృతి కీ రేఖాయేఁ’ (1943)లోని ‘భక్తిన్’ అను రేఖాచిత్రమునకు నాయిక ఆమె. అసలు పేరు లక్ష్మి. తన దరిద్రమునకు ఆ పేరు నప్పదని, ఆ పేరుతో పిలువవద్దని ఆమె కోరగా, మెడలోని తులసి కంఠమాలను చూచి మహాదేవి ఆమెకు భక్తిన్ అని పేరు పెట్టెను. హిందీ పాఠశాలలలో ఈ రచనను చిరకాలముగ పాఠముగ చదువుచున్నారు. స్వామినికి సేవకురాలికి నడుమ గల మమత, భక్తిన్ మొండితనము, దానిలోని హాస్యము అందరికి నచ్చును. నేను గమనింపుమని కోరునది మరియొకటి. ఈ కథలో ప్రతి మలుపు వద్ద ఆస్తి ఉన్నది.

ప్రయాగకు గంగ ఆవలి ఒడ్డున నున్న ఝూఁసీ ప్రాంతపు గొల్లవాని ఏకైక పుత్రిక ఆమె. అయిదవ యేట పెండ్లి, తొమ్మిదవ యేట కాపురము. తండ్రికి కూతురిపై అమిత ప్రేమ. ఆస్తి ఎక్కడ పోవునోయని సవతి తల్లి అతని మరణాంతక వ్యాధి వార్తను అతడు పోయిన పిమ్మట గాని పంపలేదు. అత్తవారింట ముగ్గురు ఆడపిల్లలను కని, కొడుకులను కన్న అత్తకు, తోడికోడండ్రకు లోకువయ్యెను. పాలు, వెన్న వారి కొడుకులకు. చాకిరి, ముతక తిండి ఆమెకును ఆమె కూతుండ్రకును. అయినను పశువుల గుణము, చేల సారము, చెట్ల ఫలసాయము ఆమెకు బాగుగ తెలియును. వేరు పడునప్పుడు మంచివి ఏరుకొని, భర్తతో కలిసి కష్టించి వాటిని వృద్ధి చేసెను. ఇరువది తొమ్మిదవ యేట భర్త పోయెను. పచ్చని పొలమును చూచి బావల కుటుంబములకు ఆశ పుట్టెను. ఆమె మారుమనువును కాదని, తల గొరిగించుకొని, మెడలో మాల ధరించి, కూతుండ్రకు పెండ్లిండ్లు చేసి, పెద్దల్లుని ఇల్లరికము తెచ్చుకొనెను.

పెద్ద కూతురు విధవ కాగానే ఆశ మరల మేల్కొనెను. బావ కొడుకు తన బావమరదిని, కౌజుపిట్టల పందెములాడు ఒక పనిలేనివానిని, సంబంధమని తెచ్చెను. పిల్ల ఒల్లననెను. ఒకనాడు తల్లి ఇంట లేని వేళ వాడు గదిలో దూరి లోపల గడియ వేసెను. పిల్ల వానిని కొట్టి, ముఖమును గోళ్లతో చీరి తరిమెను. పంచాయతి కూడెను. ఇరువురిలో ఎవరిది నిజమైనను కానిమ్ము, ఒకే గదినుండి బయటికి వచ్చిరి కనుక ఆలుమగలుగ ఉండవలసినదే యని తీర్పు చెప్పెను. ఆ సంసారమున కలహము, కలహమున ఆస్తి కరగుట, శిస్తు బాకీపడుట, జమీందారు భక్తిన్‌ను దినమంతయు ఎండలో నిలువబెట్టుట వరుసగా జరిగెను. ఆ అవమానముతో ఆమె పనికై పట్నము చేరెను.

మహాదేవి ఇదంతయు ఎట్టి ఆక్రోశము లేక, నడుమ నడుమ నవ్వించుచు చెప్పినది. కాని ఈ కథ, అంతకు ముందటి ఏడు తాను గ్రంథరూపమున ప్రకటించిన వ్యాసమునకే ఒక సవరణ. స్త్రీకి అర్థస్వాతంత్ర్యము వచ్చినచో తక్కినది వచ్చునని వ్యాసము చదివినవారికి అనిపించును. భక్తిన్‌కు భూమి ఉన్నది, కష్టించు చేతులున్నవి, ధైర్యమున్నది, లోకజ్ఞానమున్నది. ఆమెకు లేనిది ఒక్కటే: తగవు వచ్చినప్పుడు తన మాట చెల్లు చోటు. ఇంటి పెద్దలు, పంచాయతి, జమీందారు, ముగ్గురును ఆ భూమికై కన్ను వేసినవారి వైపువారే. గోళ్లతో తన మానమును కాపాడుకొన్న పిల్ల, పెద్దల తీర్పు ముందు ఓడిపోయెను. హక్కు నిచ్చుట ఒక పని, ఆ హక్కు నిలుచు చోటు నిచ్చుట మరియొక పని. ఈ వివేకమును వ్యాసములనుండి కాక ఈ రేఖాచిత్రమునుండియే మనము నేర్చుచున్నాము. సిద్ధాంతము చెప్పలేని దానిని సాహిత్యము ఎట్లు చెప్పునో తెలుపుటకు ఇంతకంటె మంచి నిదర్శనము అరుదు.

ఇప్పుడు మైలురాళ్ల వైపు చూతము. 1937 నాటి చట్టము హిందూ వితంతువునకు భర్త ఆస్తిలో జీవితాంతము అనుభవించు పరిమితమైన హక్కును మాత్రమే ఇచ్చెను. 1956 శాసనము ఆ పరిమితిని తొలగించి స్త్రీని తన ఆస్తికి సంపూర్ణ యజమానురాలిని చేసెను. ఇది నిజముగా గొప్ప మైలురాయి. అయినను ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో జన్మముచే కలుగు హక్కు కుమారులకే మిగిలెను. ఈ విషయమున తెలుగు దేశమునకు గర్వించుటకు ఒక కారణమున్నది. 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన సవరణ, 1985 సెప్టెంబరు 5 నాటికి పెండ్లికాని కుమార్తెలకు ఆ జన్మహక్కును ప్రసాదించెను. దేశమంతటికి ఆ హక్కు 2005లో వచ్చెను. ఆ సవరణనాటికి తండ్రి జీవించి ఉండవలెనా అను సందేహమును 2020లో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసున తీర్చి, అక్కరలేదని, హక్కు పుట్టుకతో వచ్చునదని చెప్పెను. వ్యాసములు వెలువడిన 63 ఏండ్లకు గాని కుమార్తె, కుమారుడు చట్టము దృష్టిలో సమానులు కాలేదు.

భక్తిన్ దేశమున సంగతి ఇంకను చిత్రమైనది. ఉత్తరప్రదేశమున జమీందారీలను రద్దుచేసిన 1950 నాటి చట్టము ఆమెను ఎండలో నిలువబెట్టినవానిని తొలగించినది. కాని అదే చట్టము సాగుభూముల వారసత్వ క్రమమున కుమారులను ముందు నిలిపి, పెండ్లయిన కుమార్తెలను చాల వెనుకకు నెట్టినది. ఒకే శాసనము ఒక సంకెలను త్రెంచి, మరియొక లంకెను బిగించినది.

చోటు విషయమున పెద్ద మార్పు 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో వచ్చినది. పంచాయతీలలో కనీసము మూడవ వంతు స్థానములు స్త్రీలకు కేటాయింపబడినవి. 2006లో బీహారు దానిని సగమునకు పెంచగా, పిమ్మట అనేక రాష్ట్రములు అదే మార్గము పట్టినవి. భక్తిన్ కూతురిపై తీర్పు చెప్పినది నేటి ఎన్నికల పంచాయతి కాదు, కులపెద్దల కూటమి. రెండింటిని ఒకటిగా తలపరాదు. అయినను ఊరిలో నలుగురు కూర్చుండు చోట ఆడుది కూర్చుండుట వింత కాకపోవుట చిన్న విషయము కాదు. లోకసభలోను శాసనసభలలోను మూడవ వంతు స్థానములను కేటాయించు సవరణ 2023లో ఆమోదము పొందినది. జనాభా లెక్కలు, నియోజకవర్గముల పునర్విభజన జరిగిన తరువాత అమలగునని ఆ సవరణయే నియమము పెట్టినది.

చట్టము, చోటు రెండును వచ్చిన పిమ్మట మిగిలిన లంకె ఏది? రాజస్థానమున ‘హక్-త్యాగ్’ అను ఆచారమున్నది. తండ్రి పోయిన పిమ్మట అక్కచెల్లెండ్రు తమ వాటాను అన్నదమ్ములకు వదలి సంతకము చేయుదురు. మన వైపున దానికి అంత గంభీరమైన పేరు లేదు గాని, పసుపు కుంకుమల క్రింద ఇచ్చినది చాలునని, పుట్టింటి గడప తొక్కు మర్యాద మిగిలిన అదే పదివేలని తలచి సంతకము చేయు ఆడపడుచులు ప్రతి ఊర ఉన్నారు. ఆ కాగితముపై బలాత్కారము కనబడదు, ప్రేమయే కనబడును. మహాదేవి కాలమున సంకెల ఇనుముది, అందరికి కనబడునది. ఈ సంకెల కడియము వంటిది.

అర్థస్వాతంత్ర్యము సంపూర్ణముగ లభించిన స్త్రీ కథను మన్నూ భండారీ ‘ఆప్‌కా బంటీ’ (1971) నవలలో వ్రాసెను. నాయిక శకున్ కళాశాల ప్రిన్సిపాలు. 1955 వివాహ చట్టము తెరచిన ద్వారము గుండా భర్తనుండి విడివడి, మరల వివాహము చేసికొనును. ఎవరిపైనను ఆధారపడలేదు, అయినను ఆమె కొడుకు బంటీ రెండిండ్లకును పరాయివాడయి, తుదకు హాస్టలు దారి పట్టును. ఈ నవలను విడాకులకు వ్యతిరేకమని చదివినవారున్నారు. అది తొందరపాటు. స్త్రీకి స్వత్వము వచ్చినప్పుడు తక్కిన కుటుంబమంతయు తన్ను తాను మార్చుకొనక పాత రీతినే నిలిచినచో, ఆ మూల్యమును అందరికంటె చిన్నవాడు చెల్లించునని భండారీ చూపెను. 2018లో వచ్చిన గీతాంజలి శ్రీ నవల ‘రేత్ సమాధి’ మరియొక అడుగు ముందుకు వేసినది. భర్త పోయిన పిమ్మట కుటుంబమునకు వీపు త్రిప్పి మంచము పట్టిన ఎనుబదేండ్ల తల్లి, ఒకనాడు లేచి, కొడుకు ఇల్లు విడచి కూతురి ఇల్లు చేరి, దేశవిభజననాటి తన గతమును వెదకుచు సరిహద్దు దాటిపోవును. డేజీ రాక్‌వెల్ ఆంగ్లానువాదముతో 2022లో ఈ నవల అంతర్జాతీయ బుకర్ పురస్కారము పొందెను. భారతీయ భాషా రచనకు ఆ గౌరవము లభించుట అదే ప్రథమము. దానిని హిందీ నవల విజయమని కొనియాడుట సబబే. అంతకంటె ముఖ్యము, ఎవరి భార్యయు ఎవరి తల్లియు అని కాక తానుగా నడచిపోవు ముదుసలిని హిందీ గద్యము సృష్టింపగలిగినదని గుర్తించుట.

‘శృంఖలా కీ కడియాఁ’కు లోపములు లేకపోలేదు. అందలి ‘భారతీయ నారి’ చాలవరకు ఉత్తర దేశపు మధ్యతరగతి హిందూ స్త్రీ. అంటరానితనము మోసిన స్త్రీకి, ముస్లిము స్త్రీకి అందు చోటు స్వల్పము. స్త్రీ స్వభావముననే కోమలత్వము, వాత్సల్యము ఉన్నవను నమ్మకము కూడ ఆమెను వదలలేదు. ఆ నమ్మకమే పూజాపీఠమునకు తిరిగి దారి తీయగలదని ఆమె వాదమునే ఆధారము చేసికొని మనము చెప్పవచ్చును. ఈ కొరతను రేఖాచిత్రములు చాలవరకు తీర్చినవి. అక్కడ ‘నారి’ లేదు. భక్తిన్ ఉన్నది, ఆమె కూతురున్నది, వారి ఊరు ఉన్నది.

తెలుగు పాఠకునకు ఈ గద్యము పరాయిది కాదు. మహాదేవికంటె రెండేండ్లు చిన్నదయిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ కూడ బాల్యవివాహమును ఎదిరించిన మనిషియే. కాకినాడలో బాలికలకు హిందీ పాఠశాల నడిపి, పిమ్మట ఆంధ్ర మహిళా సభను నెలకొల్పి, రాజ్యాంగ పరిషత్తున కూర్చుండెను. ఒకరు కలముతోను, ఒకరు సంస్థలతోను ఒకే ప్రశ్నను వెంబడించిరి. దుర్గాబాయి పనిని మనము ఎరుగుదుము. మహాదేవి గద్యము మాత్రము ఇంకను మనకు తగినంతగా చేరలేదు. ఆమెను విరహ కవయిత్రిగా మాత్రమే అనువదించుచున్నంత కాలము, ఆమె తాను కూడదన్న పూజాపీఠముపైననే ఆమెను కూర్చుండబెట్టినవారమగుదుము. వ్యాసములను, రేఖాచిత్రములను ఒకే సంపుటమున, స్వత్వము అను మాటను పలుచన చేయక, తెలుగున తేవలసియున్నది. అన్నదమ్ముల యెదుట సంతకము చేయబోవు ఆడపడుచు ఆ సంపుటమును చదివినచో, సంతకము చేసినను చేయకున్నను, ఆ కాగితమున దేనిని వదలుచున్నదో తెలిసి చేయును.